కావాల్సిన అక్షరాలున్న ఇంగ్లీష్ పదాలు పట్టుకోవడం ఎలా: వర్డ్ గేమ్స్ ఆడేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

అక్షరాల పలకలతో బోర్డు మీద పదాలు కట్టే స్క్రాబుల్‌లో క్యూ వచ్చి యు రాకపోయినా, ఐదక్షరాల రహస్య పదాన్ని ఆరు ప్రయత్నాల్లో ఊహించే వర్డిల్‌లో నాలుగో ప్రయత్నం దాటినా రెండు అక్షరాలే పచ్చగా ఉన్నా, క్రాస్‌వర్డ్‌లో ఐదు గడులకు మధ్య గడి ఒక్కటే నిండినా, మనం మొదట చేసే పని ఒకటే: తెలిసిన పదాలన్నీ మనసులో తిప్పుకోవడం. ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడే ఆగిపోతారు. పదం తెలిసి ఉండటం వేరు, ఒక అక్షరం పట్టుకుని ఆ పదం దాకా వెళ్లగలగడం వేరు. ఈ రెండోది విడిగా నేర్చుకోవాల్సిన పని. నేర్చుకుంటే తప్పకుండా వస్తుంది.

తెలుగువాళ్లకు ఇందులో అదనంగా ఒక చిక్కుంది. మనం పలికినట్టే రాస్తాం కాబట్టి పదాన్ని చెవితో వెతకడం మనకు అలవాటు. ఇంగ్లీష్‌లో ఆ పద్ధతి మోసం చేస్తుంది. 'ఫ' శబ్దం ఎఫ్‌తోనే రావాలని లేదు. ఫోటోలో పి-హెచ్, రఫ్‌లో జి-హెచ్ ఆ పని చేస్తాయి. 'జ' శబ్దం చాలా పదాల్లో జె కాదు, జి. 'రోజ్' అని పలికే పువ్వు పేరులో జెడ్ లేదు, ఎస్ ఉంది. నైఫ్‌లో మొదటి అక్షరం కె, అది వినిపించదు. కాబట్టి ఈ మార్గదర్శి మొత్తానికీ ఆధారం ఒక్క మాట: చెవితో కాదు, కంటితో వెతకండి. ఏ అక్షరం పక్కన ఏది కూర్చుంటుంది, పదంలో ఎక్కడ కూర్చుంటుంది అన్నదే చూడండి.

కింద స్పెల్లింగ్ చెప్పాల్సిన చోట అక్షరాల మధ్య గీత పెడుతున్నాను. క్యూ-యు-ఐ-జెడ్ అంటే క్విజ్.

మొదటి మెట్టు: మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి

'ఈ అక్షరాలతో పదం కావాలి' అని అందరం అంటాం. నిజానికి అందులో నాలుగు వేర్వేరు ప్రశ్నలున్నాయి. వాటిని కలిపేసుకోవడం వల్లే సగం టైమ్ వృథా అవుతుంది.

మొదటిది, ఫలానా అక్షరాలు పదంలో ఎక్కడో ఒకచోట ఉండాలి, మిగతావి ఏవైనా కావచ్చు. వర్డిల్‌లో పసుపు రంగు గడులు అడిగేది ఇదే. రెండోది, ఫలానా అక్షరం ఫలానా స్థానంలోనే ఉండాలి. క్రాస్‌వర్డ్ పూర్తిగా ఈ రకం. వర్డిల్‌లో పచ్చ గడులూ ఇంతే. మూడోది, ఇచ్చిన అక్షరాలన్నీ వాడాలి, వేరేది కలపకూడదు. దీన్నే అనగ్రామ్ అంటారు. నాలుగోది, ఇచ్చిన అక్షరాల్లో కొన్నిటితోనే పదం కట్టాలి. స్క్రాబుల్‌లో మన పలకల మీద ఆధారపడి చేసే పని ఇది. బోర్డు మీద ఉన్న ఒక అక్షరాన్ని కలుపుకుంటాం, అంతే తేడా.

స్పెల్లింగ్ బీ ఆట మరో రకం. ఏడు అక్షరాలే ఇస్తారు, మధ్యలో ఉన్నది తప్పనిసరి, పదం కనీసం నాలుగు అక్షరాలది కావాలి, కానీ ఒకే అక్షరాన్ని ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. ఈ చివరి వెసులుబాటును చాలామంది మరచిపోతారు. పలక ఒకసారి వాడితే అయిపోయే స్క్రాబుల్ అలవాటుతో ఆడితే జంట అక్షరాలున్న పదాలన్నీ చేజారతాయి.

ప్రశ్న తేలాక ఇంకొకటి కూడా రాసుకోండి: ఏ అక్షరాలు ఉండకూడదో. వెతుకులాటను నిజంగా కుదించేది ఎక్కువసార్లు ఈ 'ఉండకూడని' జాబితాయే.

రెండో మెట్టు: ఏ పదజాబితాతో ఆడుతున్నారో చూసుకోండి

ఒక ఆటలో చెల్లే పదం ఇంకో ఆటలో చెల్లకపోవచ్చు. స్క్రాబుల్ టోర్నమెంట్లకు అమెరికా, కెనడాల్లో నాస్పా (అక్కడి స్క్రాబుల్ ఆటగాళ్ల సంఘం) వర్డ్ లిస్ట్ వాడతారు. మిగతా ప్రపంచంలో ఇంగ్లీష్ స్క్రాబుల్ ఆడేవాళ్లలో ఎక్కువమందికి కాలిన్స్ జాబితా ప్రమాణం, అది ఇంకా పెద్దది. రెండక్షరాల జెడ్-ఓ కాలిన్స్‌లో చెల్లుతుంది, అమెరికా జాబితాలో చెల్లదు. జాబితాలు మారుతుంటాయి కూడా. క్యూ-ఐ, జెడ్-ఎ అనే రెండూ అమెరికా జాబితాలోకి 2006లో వచ్చాయి, ఓ-కె 2018లో వచ్చింది. పాత పుస్తకం చూసి ఆడేవాళ్లతో కూర్చుంటే ఆట మొదలవకముందే ఏ జాబితాయో ఒప్పుకోవడం మంచిది. మధ్యలో తేల్చుకుందాం అనుకుంటే గొడవే.

వర్డిల్ సంగతి వేరు. జాష్ వార్డిల్ తయారుచేసి 2021లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన ఈ ఆటను 2022లో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. అందులో ప్రయత్నంగా ఒప్పుకునే పదాలు వేలకు వేలు. జవాబుగా వచ్చేవి మాత్రం మొదట్లో సుమారు 2,300, అవన్నీ దాదాపు అందరికీ తెలిసిన మాటలే. ఎస్ తగిలించిన మామూలు బహువచనాలు జవాబుగా దాదాపు రావు. కాబట్టి స్క్రాబుల్ కోసం నేర్చుకున్న వింత పదాలను వర్డిల్‌లో జవాబుగా ఊహించకండి.

మూడో మెట్టు: అన్నిటికన్నా అరుదైన అక్షరంతో మొదలుపెట్టండి

చేతిలో ఇ, ఆర్, టి, జెడ్ ఉంటే చాలామంది ఇ దగ్గర మొదలెడతారు, ఎందుకంటే ఇ ఉన్న పదాలు బోలెడు గుర్తొస్తాయి. సరిగ్గా అందుకే అది పనికిరాదు. జెడ్ దగ్గర మొదలుపెడితే వెతకాల్సిన చోటు ఒక్కసారిగా చిన్నదవుతుంది.

ఏది అరుదో స్క్రాబుల్ పలకలే చెబుతాయి. ఆట కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ అమెరికన్ ఆర్కిటెక్ట్. వార్తాపత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి ఆయన పలకల సంఖ్య నిర్ణయించారు. మొత్తం 100 పలకల్లో ఇ 12, ఎ 9, ఐ 9, ఓ 8. ఆర్, ఎన్, టి తలా 6. మరోవైపు క్యూ, జెడ్, జె, ఎక్స్, కె ఒక్కొక్కటే. క్యూ, జెడ్‌లకు పది పాయింట్లు, జె, ఎక్స్‌లకు ఎనిమిది, కె కు ఐదు. ఏ అక్షరంగానైనా వాడుకోగలిగే ఖాళీ పలకలు రెండు. ఈ లెక్క తెలిస్తే కొన్ని పదాలు అసలు వేయలేమని కూడా తెలుస్తుంది. పిజాజ్ అనే పదంలో నాలుగు జెడ్‌లున్నాయి. ఉన్న ఒక్క జెడ్‌కు రెండు ఖాళీ పలకలు కలిపినా మూడే అవుతాయి. నిఘంటువులో ఉన్నా బోర్డు మీదకు రాని పదం అది.

నాలుగో మెట్టు: కష్టమైన అక్షరాలను ఒక్కొక్కటిగా మచ్చిక చేసుకోండి

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం. పాయింట్లన్నీ ఉన్నది ఇక్కడే.

క్యూ. దీని వెనక దాదాపు ఎప్పుడూ యు ఉంటుంది కాబట్టి క్యూ-యు ని ఒకే అక్షరంగా చూడండి. అది ఎక్కువగా మూడు చోట్ల కూర్చుంటుంది. పదం మొదట్లో: క్విక్, క్వైట్. ఎస్ తర్వాత: స్క్వేర్, స్క్వాడ్. చివర్లో క్యూ-యు-ఇ రూపంలో: యునీక్, ఒపేక్, యాంటిక్. యు లేనప్పుడు వాడే పదాలు ఎక్కువగా అరబిక్, హీబ్రూ, చైనీస్ భాషల నుంచి వచ్చినవి. వాటిలో కొన్ని మనకు ముందే పరిచయం: ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్ అంటే మన ఫకీరే. బి-యు-ఆర్-క్యూ-ఎ, ఎన్-ఐ-క్యూ-ఎ-బి, టి-ఎ-ఎల్-ఎ-క్యూ కూడా చెవికి కొత్త కావు, స్పెల్లింగ్ ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి. చిన్నవాటిలో క్యూ-ఐ, క్యూ-ఎ-టి, ఎస్-యు-క్యూ తప్పనిసరి. క్యూ-ఐ ఒక్కటి వస్తే చాలు, క్యూ చేతిలో ఉందన్న టెన్షన్ సగం పోతుంది.

జె. ఇది మొదట్లో ఉండటానికే ఇష్టపడుతుంది. చివర్లో వచ్చేవి చాలా తక్కువ, అవీ మనవైపు నుంచి, అరబిక్ వైపు నుంచి వెళ్లినవే: రాజ్, తాజ్, హజ్, స్వరాజ్. అన్నీ స్క్రాబుల్‌లో చెల్లుతాయి. టి-ఎ, హెచ్-ఎ అని బోర్డు మీద ఉంటే పక్కన జె పెట్టగలమని ఎదుటివాళ్లకు తట్టదు, మనకు తట్టాలి. రెండక్షరాల్లో జె-ఓ ఉంది. మధ్యలో వచ్చేవాటిలో ఎఫ్-జె-ఓ-ఆర్-డి మంచి పదం.

ఎక్స్. పెద్ద అక్షరాల్లో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఇదే. ఎనిమిది పాయింట్లున్నా వాడటం చాలా సులువు, ఎందుకంటే రెండక్షరాల పదాలు ఏకంగా ఐదున్నాయి: ఎ-ఎక్స్, ఇ-ఎక్స్, ఓ-ఎక్స్, ఎక్స్-ఐ, ఎక్స్-యు. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అయ్యేలా వేస్తే ఎక్స్ విలువ రెండుసార్లు కలుస్తుంది. పెద్ద పదాల్లో దీని చోటు ఎక్కువగా ఇ తర్వాత: ఎగ్జాక్ట్, ఎగ్జిస్ట్, ఇండెక్స్. చివర్లో ఎక్స్-వై కూడా చూడండి: ప్రాక్సీ, ఎపాక్సీ.

జెడ్. చివర్లో ఐ-జెడ్-ఇ: ప్రైజ్, సీజ్. టి-జెడ్ తో ముగిసేవి: వాల్ట్జ్, బ్లిట్జ్. ఎ తో కలిసి జెడ్-ఎ. జాజ్ వేయాలంటే జెడ్ పక్కన ఖాళీ పలక కావాలి, ఆ ఖాళీ పలకను అంత చిన్న పదానికి ఖర్చుపెట్టడం ఎక్కువసార్లు నష్టమే.

వి. పాయింట్లు నాలుగే అయినా తలనొప్పిలో ఇది క్యూతో సమానం. వి ఉన్న రెండక్షరాల పదం రెండు జాబితాల్లోనూ ఒక్కటి కూడా లేదు. అంటే వి పక్కన సమాంతరంగా పదం పేర్చడం కుదరదు. దీనితో పదాలు ముగియడమూ అరుదు. ఒకప్పుడు రాతలో యు, వి ఒకే అక్షరంగా ఉండేవి. చివరన ఇ చేరిస్తే అది హల్లు అని తెలిసేది. లవ్, హ్యావ్, గివ్ పదాల్లో వినిపించని ఇ అలా నిలిచిపోయింది. కాబట్టి వి కనపడగానే పక్కన ఇ ఉందేమో వెతకండి: ఐ-వి-ఇ తో ముగిసే నేటివ్, యాక్టివ్, లేదా ఓవర్ తో మొదలయ్యే పదాలు. మినహాయింపుగా ఆర్-ఇ-వి ఒకటి దగ్గర పెట్టుకోండి.

ఐదో మెట్టు: తల, తోక విడదీయండి

ఏడు అక్షరాలు ముందు పెట్టుకుని పదం కోసం చూస్తూ ఉంటే ఏమీ కనపడదు. ముందుగా అందులోంచి ఒక తోకను పక్కకు తీయండి: ఐ-ఎన్-జి, ఇ-డి, ఇ-ఆర్, ఇ-ఎస్-టి, ఎల్-వై, ఐ-ఓ-ఎన్. లేదా ఒక తలను: ఆర్-ఇ, యు-ఎన్, డి-ఇ, ఓ-యు-టి. మిగిలినవాటితో చిన్న పదం కట్టడం తేలిక.

ఉదాహరణకు ఎ, ఇ, జి, ఐ, ఎన్, ఆర్, టి వచ్చాయనుకుందాం. ఐ-ఎన్-జి తీస్తే ఎ, ఇ, ఆర్, టి మిగులుతాయి. వాటితో టి-ఇ-ఎ-ఆర్ ఉంది, వెనక ఐ-ఎన్-జి చేర్చితే టేరింగ్. ఏడు పలకలూ ఒకేసారి వేసినందుకు స్క్రాబుల్‌లో అదనంగా 50 పాయింట్లు. ఇప్పుడు ఆ తోకను మరచిపోయి మళ్లీ చూడండి. అవే అక్షరాలతో గ్రానైట్ ఉంది, ఇన్‌గ్రేట్ ఉంది. తోక పట్టుకునే పద్ధతికి ఉన్న లోపం కూడా ఇదే: అది ఒక దారి చూపించి మిగతావి కప్పేస్తుంది. అందుకే ఒక పదం దొరికాక పలకలను కలిపేసి, గుండ్రంగా పేర్చి ఇంకోసారి చూడటం అలవాటు చేసుకోండి. వరసగా ఉన్నప్పుడు కన్ను ఎడమ నుంచి కుడికి చదివేస్తుంది. గుండ్రంగా ఉంటే మొదలు ఎక్కడో తెలియక ప్రతి అక్షరం నుంచీ మొదలెట్టి చూస్తుంది.

జతలు కూడా ఇలాగే పనికొస్తాయి. హెచ్ చేతిలో ఉంటే దాని ముందు సి, ఎస్, టి, పి, డబ్ల్యూలలో ఏదైనా ఉందా చూడండి. కె ఉంటే పదం చివర సి-కె, మొదట్లో కె-ఎన్ ప్రయత్నించండి. సి-కె తో పదం మొదలవదు. ఇలాంటి 'మొదలవదు' అనే సూత్రాలు వర్డిల్‌లో చాలా గడులను ఒక్క దెబ్బకు కొట్టేస్తాయి.

అచ్చులు కుప్పలుగా వచ్చినా, అసలు రాకపోయినా

అచ్చులు ఎక్కువైతే వదిలించుకోవడానికి ఎ-ఎ, ఎ-ఇ, ఎ-ఐ, ఓ-ఇ, ఓ-ఐ అనే రెండక్షరాలవి ఉన్నాయి. ఐదక్షరాల్లో ఆడియో, అడ్యూ, క్యూ-యు-ఇ-యు-ఇ, ఈరీ. ఏడక్షరాల సెకోయాలో ఐదు అచ్చులూ ఉన్నాయి.

హల్లులే వస్తే మొదట వై ఉందా చూడండి: క్రిప్ట్, లింఫ్, నింఫ్, గ్లిఫ్, ట్రిస్ట్, రిథమ్. వై కూడా లేకపోతే శబ్దాలను అనుకరించే మాటలు ఆదుకుంటాయి: హెచ్-ఎమ్-ఎమ్, పి-ఎస్-ఎస్-టి, టి-ఎస్-కె, ఎస్-హెచ్. వేల్స్ భాష నుంచి వచ్చిన సి-డబ్ల్యూ-ఎమ్, సి-ఆర్-డబ్ల్యూ-టి-హెచ్ అనే రెండూ చెల్లుతాయి. అక్కడ డబ్ల్యూ అచ్చు పని చేస్తుంది.

రెండక్షరాల పదాలను గుంపులుగా నేర్చుకోండి

ఇవి రెండు జాబితాల్లోనూ వందకు పైగా ఉన్నాయి. అక్షరక్రమంలో బట్టీ పడితే రెండు రోజుల్లో మరచిపోతారు. గుంపులు కట్టండి. పాశ్చాత్య సంగీత స్వరాలు: డి-ఓ, ఆర్-ఇ, ఎమ్-ఐ, ఎఫ్-ఎ, ఎస్-ఓ, ఎల్-ఎ, టి-ఐ. గ్రీకు అక్షరాలు: ఎమ్-యు, ఎన్-యు, ఎక్స్-ఐ, పి-ఐ. ఇంగ్లీష్ అక్షరాల పేర్లే పదాలుగా: ఇ-ఎఫ్, ఇ-ఎల్, ఇ-ఎమ్, ఇ-ఎన్, ఎ-ఆర్, ఇ-ఎస్. ఆశ్చర్యార్థకాలు: ఎ-హెచ్, ఓ-హెచ్, ఇ-హెచ్, యు-ఎమ్, ఓ-డబ్ల్యూ. స్క్రాబుల్‌లో ఒకే ఒక్క పని చేసే ఓపిక ఉంటే ఇదే చేయమంటాను. పెద్ద పదాలు తెలిసి ఇవి రానివాళ్లకు ఆ పెద్ద పదాలు పెట్టుకోవడానికి బోర్డు మీద చోటు దొరకదు.

వర్డిల్‌లో దీన్నంతా వాడటం

క్రేన్ అని మొదలుపెట్టారు. ఆర్, ఇ పసుపు, మిగతావి బూడిద రంగు. అంటే ఆర్ రెండో గడిలో లేదు, ఇ చివర లేదు, సి, ఎ, ఎన్ అసలు లేవు. ఇప్పుడు పదాలు కాదు, ఆకారాలు ఊహించండి. ఇ-ఆర్ తో ముగియవచ్చు: అదర్, టైగర్, పవర్. ఆర్-ఇ తో మొదలవచ్చు: రిప్లై. ఇ రెండో గడిలో, ఆర్ మూడో గడిలో ఉండవచ్చు: మెరిట్, సీరం. ఐదక్షరాల్లో ఇ-ఆర్ ముగింపు చాలా ఎక్కువ కాబట్టి దాన్ని పరీక్షిస్తూ, ఓ, టి, హెచ్ లను కూడా చూపించే అదర్ మంచి రెండో ప్రయత్నం.

అసలు ప్రమాదం నాలుగు గడులు పచ్చబడ్డాక మొదలవుతుంది. చివరి నాలుగు ఐ-జి-హెచ్-టి అని తేలిందనుకోండి. లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్, ఫైట్, ఎయిట్ అన్నీ సరిపోతాయి. ఒక్కొక్కటే వేస్తూ పోతే ప్రయత్నాలు అయిపోతాయి. అప్పుడు జవాబు కాదని తెలిసినా ఎఫ్-ఐ-ఎల్-ఎమ్-ఎస్ వేయండి. ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ ఒకేసారి తేలిపోతాయి. హార్డ్ మోడ్‌లో మాత్రం ఈ వీలు లేదు, తెలిసిన పచ్చ అక్షరాలను ప్రతిసారీ వాడాల్సిందే. అందుకే హార్డ్ మోడ్ ఆడేవాళ్లు ఐ-జి-హెచ్-టి లాంటి రద్దీ ముగింపుల్లోకి తొందరగా వెళ్లకూడదు.

సాధనాలతో వెతకడం

ఆట జరుగుతుండగా ఎదుటి మనిషికి తెలియకుండా వర్డ్ ఫైండర్ తెరవడం మోసమే, అందులో రెండో మాట లేదు. ఒంటరిగా ఆడేటప్పుడు, ఆట అయ్యాక, నేర్చుకునేటప్పుడు మాత్రం ఇవి గొప్ప తోడు.

వన్‌లుక్ లాంటి సైట్లలో రెండు గుర్తులు తెలిస్తే చాలు. ప్రశ్నార్థకం సరిగ్గా ఒక అక్షరానికి, నక్షత్రం గుర్తు ఎన్ని అక్షరాలకైనా, సున్నాతో సహా. రెండు ప్రశ్నార్థకాలు, క్యూ, మళ్లీ రెండు ప్రశ్నార్థకాలు కొడితే మధ్యలో క్యూ ఉన్న ఐదక్షరాల పదాలు వస్తాయి: పి-ఐ-క్యూ-యు-ఇ, టి-ఓ-క్యూ-యు-ఇ, ఫకీర్, నికాబ్. ఇక్కడ చాలామంది పడే ఉచ్చు ఒకటుంది. నక్షత్రం, ఆర్, నక్షత్రం, ఇ, నక్షత్రం అని కొడితే ఆర్ ముందు, ఇ తర్వాత వచ్చే పదాలే దొరుకుతాయి. ఇ ముందొచ్చే మెరిట్ అందులో ఉండదు. క్రమంతో పనిలేకుండా రెండూ కావాలంటే రెండు విడి షరతులు పెట్టాలి.

దానికి స్ప్రెడ్‌షీట్ బాగుంటుంది. ఎనేబుల్ అనే ఉచిత పదజాబితాలో 1,72,000కు పైగా పదాలున్నాయి, ఎవరైనా వాడుకోవచ్చు. దాన్ని మొదటి కాలమ్‌లో పోయండి. రెండో కాలమ్‌లో లెన్ ఫార్ములాతో పొడవు రాబట్టండి. పొడవు ఐదుకు ఫిల్టర్ పెట్టి, తర్వాత ఆర్ ఉన్నవి, ఇ ఉన్నవి అని రెండు షరతులు కలపండి. మూడో అక్షరం కావాలంటే వచ్చిన ఫలితాన్ని కొత్త షీట్‌లోకి కాపీ చేసి మళ్లీ ఫిల్టర్ చేయండి. ఎనేబుల్ పాతది, క్యూ-ఐ లాంటి కొత్త పదాలు అందులో కనపడవు. చెల్లుతుందో లేదో మీ ఆట జాబితాలోనే చూసుకోవాలి.

స్క్రాబుల్‌ను సీరియస్‌గా తీసుకున్నవాళ్లకు జిజివా అనే ప్రోగ్రామ్ ఉంది. నిఘంటువు చివర్లో ఉండే ఒక పురుగు పేరు దానికి పెట్టారు. మొదటి మెట్టులో చెప్పిన ప్రశ్నలన్నిటికీ అందులో విడివిడి వెతుకులాటలున్నాయి: స్థానాల నమూనా, అనగ్రామ్, కొన్ని అక్షరాలతోనే అయ్యే పదాలు, ఫలానా అక్షరాలు చేరి ఉన్నవి. ప్రశ్న సరిగ్గా వేయడం వచ్చినవాళ్లకు దాని జవాబు క్షణం పని.

ఆట ముగిసిన ప్రతిసారీ మిమ్మల్ని ఇరికించిన అక్షరాలు ఏవో చూసి, వాటిని ఇలా వెతికి, రెండు మూడు పదాలు మాత్రమే నోట్ చేసుకోండి. పెద్ద జాబితా దించుకుంటే ఎవరూ చదవరు. రాసుకునేటప్పుడు పదం పక్కన అర్థంతో పాటు దాని అక్షరాలను అక్షరక్రమంలో కూడా రాయండి. గ్రానైట్ పక్కన ఎ-ఇ-జి-ఐ-ఎన్-ఆర్-టి అని. తర్వాతి ఆటలో పలకలు తీసి అక్షరక్రమంలో పేర్చుకున్నప్పుడు మీకు కనపడేది ఆ వరుసే.